ఫోన్‌కు తాళం వేసిన 49 రోజులు: ఫ్యామిలీ లింక్ వాడి చూశాక

మా తిరుపతిలో ఎండాకాలం సెలవులు పిల్లలకే. పెద్దవాళ్లకు ఏడాది మొత్తంలో ఎక్కువ పని ఉండేది అప్పుడే. బడులు మూసేసరికి అన్ని ఊళ్ల జనమూ కొండకు బయలుదేరతారు. బస్టాండు, రైల్వే స్టేషను, సత్రాలు, లాడ్జీలు, ఎక్కడా కాలు పెట్టే సందుండదు. మా ఆయన ట్రావెల్స్‌లో డ్రైవరు. ఆ రోజుల్లో తెల్లవారకముందే బండి తీస్తే మళ్లీ ఇల్లు చేరేది పిల్లలు పడుకున్నాకే. నేను కొర్లగుంటలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. మే నెలలో పెళ్లి ముహూర్తాలు వరసగా ఉంటే ఒక్కో వారం పాతిక జాకెట్లు కూడా వస్తాయి. మగ్గం ముందు కూర్చున్నాక మధ్యమధ్యలో లేస్తే పని సాగదు. పిల్లలు గొడవ చేయకుండా ఉండాలి. అందుకు నా దగ్గర ఉన్న ఒకే ఒక్క మందు ఫోను.

2024 సెలవులు అట్లానే గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం మావాడు ఫోన్‌ను చెంబుకు ఆనించి పెట్టుకుని అన్నం తింటున్నాడు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. చూపు ఫోన్ మీదే, చెయ్యి మాత్రం దానంతటది కంచంలోకీ నోట్లోకీ పోతోంది. వాడు లేచాక కంచం తీస్తూ "ఏం కూర తిన్నావు నాయనా?" అని అడిగాను. వాడు నా మొహం చూడలేదు, కంచంలోకి చూశాడు. అంచున అంటుకున్న తొక్క చూసి "వంకాయ" అన్నాడు. వాడికి వంకాయ పడదు. రోజూ అయితే ముక్కలన్నీ ఏరి పక్కన పెడతాడు. ఆ రోజు ఒక్క ముక్క మిగల్చలేదు. తిన్న సంగతి వాడికే తెలీదు. నాకు భయం పట్టుకుంది అప్పుడే.

2025లో ఏప్రిల్ 24న సెలవులు మొదలయ్యాయి, జూన్ 11 దాకా. మొత్తం 49 రోజులు. ఈసారి ముందే జాగ్రత్త పడాలని, సెలవులకు వారం ముందు, పిల్లల ఫోన్ వాడకానికి హద్దు పెట్టే ఫ్యామిలీ లింక్ అనే యాప్ పెట్టుకున్నాను. 49 రోజులూ విడవకుండా వాడాను. నాలాగా ఇంట్లోనే పని చేసుకుంటూ పిల్లల్ని చూసుకునే అమ్మలు చాలామంది అడుగుతున్నారు కాబట్టి నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

ఇది గూగుల్ ఇచ్చే యాప్. డబ్బు కట్టే పని లేదు. మన ఫోన్‌లో వేసుకుని పిల్లల ఫోన్‌ను దానికి కలుపుకోవాలి. పిల్లవాడు ఏ యాప్ ఎంతసేపు చూశాడో మనకు కనిపిస్తుంది. రోజుకు ఇంతసేపే అని గడువు పెట్టవచ్చు. ప్లే స్టోర్ నుంచి కొత్త గేమ్ ఏదైనా దించుకోవాలంటే మన ఫోన్‌కు అడుగుతూ వస్తుంది, మనం సరే అంటేనే దిగుతుంది. పిల్లల చేతిలో ఉండేది ఆండ్రాయిడ్ ఫోన్ కావాలి. మన దగ్గర ఐఫోన్ ఉన్నా పర్వాలేదు. పిల్లల దగ్గరే ఐఫోన్ ఉంటే మాత్రం దాన్ని ఇది ఇట్లా కట్టడి చేయలేదు, దానికి ఆపిల్ ఫోన్‌లోనే స్క్రీన్ టైమ్ అని వేరే ఏర్పాటు ఉంది.

పెట్టుకోవడానికి నాకు గంట పట్టింది. అందులో ముప్పావుగంట అకౌంట్ దగ్గరే. మావాడి చేతిలో ఉన్నది వాళ్ల నాన్న పాత ఫోన్, అందులోని అకౌంటూ వాళ్ల నాన్నదే. చాలా ఇళ్లలో ఇదే కథ. పెద్దవాళ్ల అకౌంట్‌తో పిల్లలు యూట్యూబ్ చూస్తే, చూస్తున్నది పెద్ద మనిషే అనుకుని దానికి తగ్గ వీడియోలు ఒకదాని వెనక ఒకటి తెచ్చి పెడుతుంది. తప్పు పిల్లవాడిది కాదు, మనం ఆ ఫోన్ అట్లా చేతిలో పెట్టడంలో ఉంది. ఆ అకౌంట్ తీసేసి, వాడి పేరున, వాడి అసలు పుట్టిన తేదీతో కొత్తది తెరిచాను. 13 ఏళ్లు నిండని పిల్లలకు అమ్మో నాన్నో తమ అకౌంట్ నుంచి తెరిచి ఇవ్వాలి. "సంవత్సరం మార్చి కొట్టేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది" అని నాకు ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి అట్లా చేయకండి. తేదీ అబద్ధమైతే బిడ్డను మళ్లీ పెద్ద మనిషిగానే లెక్కేస్తుంది, మీరు పడిన శ్రమంతా వృథా.

ఇవన్నీ చేసేటప్పుడు వాడిని పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఏ మీట నొక్కుతున్నానో, ఎందుకు నొక్కుతున్నానో చెబుతూ వచ్చాను. వాడు నిద్రపోయాక దొంగచాటుగా పెట్టేద్దామని మా ఆయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు. తెల్లారి లేచి చూస్తే చేతిలో వస్తువు తనకు తెలియకుండా మారిపోయి ఉంటే ఏ మనిషికైనా రోషం వస్తుంది, పదేళ్ల వాడికి రాదా? ఇంకో సంగతి కూడా వాడికి చెప్పాను. ఈ యాప్‌లో నేను వాడి మెసేజ్‌లు చదవలేను, వాడి తెరను నా ఫోన్‌లో చూడలేను. ఎంతసేపు, ఏ యాప్, ఫోన్ ఎక్కడుంది, అంతవరకే కనిపిస్తుంది. అది విన్నాక వాడి భుజాలు కొంచెం దిగాయి.

ఎంతసేపు పెట్టాలి అన్నది పెద్ద ప్రశ్న. పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, ఒక లెక్క చెబుతుంది. రెండేళ్లలోపు బిడ్డలకు అసలు వద్దు, రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకు గంటకు మించొద్దు, ఐదు నుంచి పదేళ్ల వరకు రెండు గంటలలోపే. ఇందులో టీవీ కూడా కలిసే ఉంటుంది, అది చాలామంది మరిచిపోతారు. ముందు ఏడాది సెలవుల్లో మావాడు రోజుకు ఎంతసేపు చూసేవాడో నేనెప్పుడూ లెక్క పెట్టలేదు. పొద్దున కాఫీ వేళ నుంచి చీకటి పడేదాకా మధ్యమధ్యలో చార్జింగ్‌కు పెట్టినప్పుడే ఆగేది అని మాత్రం తెలుసు. అందుకే ఫోన్‌కు గంటంబావు, టీవీకి అరగంట అనుకున్నాం. రాత్రి ఎనిమిదిన్నర నుంచి పొద్దున పదకొండు దాకా అసలు తెరవడానికి వీల్లేకుండా చేశాను. రాత్రి తాళానికి డౌన్‌టైమ్ అని పేరు. పొద్దుటి పూటకు స్కూల్ టైమ్ అనే ఇంకో ఏర్పాటు వాడుకున్నాను. అది బడి వేళల కోసం పెట్టినదే, కానీ బడి లేని రోజుల్లోనే నాకు ఎక్కువ పనికొచ్చింది. పొద్దున చల్లగా ఉన్న వేళ అంతా ఫోన్ చూసి, పది దాటాక ఎండలో ఆడతానంటే ఏ తల్లి పంపుతుంది? చల్లటి వేళ ఆటకు మిగలాలి.

ఇక ఈ యాప్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. గడువు దగ్గర పడుతోందని ఫోనే వాడికి ముందు చెబుతుంది. ఆ తర్వాత తాళం పడుతుంది. ఆపింది నేను కాదు. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది, కానీ మా ఇంట్లో రోజూ జరిగే రభస అంతా ఆ ఒక్క క్షణం దగ్గరే జరిగేది. ఇంతకు ముందు చేతిలో సూది వదిలేసి, లేచి వెళ్లి, "చాలు ఇంక" అని లాక్కునేదాన్ని. వాడు ఏడుపు, నేను అరుపు, చిన్నదానికి అది చూసి ఇంకో ఏడుపు. ఆటలో గెలవబోయే క్షణంలోనే నేను లాక్కున్నానని వాడి నమ్మకం. నిజానికి నేను చూసి లాక్కునేదాన్ని కాదు, జాకెట్ చేతులు అయిపోయినప్పుడు లేచేదాన్ని. వాడి కోపంలో న్యాయం ఉంది. ఇప్పుడు గడువు ముందే తెలుసు, హెచ్చరిక వస్తుంది, ఆట ముగించుకుంటాడు. తాళం పడ్డాక ఏదైనా కాల్ వస్తే ఎత్తవచ్చు, అత్యవసర కాల్ చేయవచ్చు కాబట్టి నాకూ టెన్షన్ లేదు.

మొదటి మూడు రోజులు మాత్రం కష్టం. దాచను. మొదటి రోజు గంటంబావు పన్నెండుంబావుకే అయిపోయింది. ఆ తర్వాత వాడు ఇల్లంతా తిరిగాడు. ఫ్రిజ్ తలుపు తీశాడు, మూశాడు. నా దారం పెట్టెలో రంగులు కలిపేశాడు. చెల్లెల్ని గిల్లాడు. "మా, ఏం చేసేది మా?" అని నలభై సార్లు అడిగాడు. "మా, ఇంకో పది నిమిషాలు మా" అని ఇంకో నలభై సార్లు. అదనపు సమయం ఇచ్చే వీలు యాప్‌లో ఉంది. మన ఫోన్‌లో ఒక్కసారి నొక్కితే ఆ రోజుకు మాత్రం పదిహేను నిమిషాలో అరగంటో కలుస్తుంది. ఆ మీట మీద మూడు రోజులూ నా వేలు ఆడింది. మూడో రోజు నొక్కేశాను కూడా. నాలుగో రోజు నుంచి నొక్కలేదు. ఒకసారి ఇస్తే రేపు అదే గడువు అయిపోతుంది. ఇవ్వాల్సి వస్తే వాళ్లు అడగని రోజు, మీకు ఇవ్వాలనిపించిన రోజు ఇవ్వండి.

వారం తిరిగేసరికి నా ఫోన్‌లో చూస్తే లెక్క చక్కగా ఉంది, రోజుకు గంటంబావు. కానీ వాడు తెర చూస్తున్నది అంతకంటే ఎక్కువేనని నాకు అనుమానం. మధ్యాహ్నం వేళ ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోంది. లేచి వెళ్లి చూస్తే మా అత్త మంచం పక్కన కింద పడుకుని, ఆమె ఫోన్‌లో క్రికెట్ గేమ్ ఆడుతున్నాడు. ఆమె ఫోన్ లాక్ ఎట్లా తెరవాలో ఆమెకంటే వాడికే బాగా తెలుసు.

"అత్తా, వాడికి ఫోన్ ఇవ్వొద్దని చెప్పినాను కదా?"

"బిడ్డ అట్ల మొగం పెట్టుకోని కూర్చుంటే ఎట్ల చూస్తా ఉండేదమ్మా?" అంది.

ఇది యాప్‌కు ఉన్న హద్దు. మనం కలిపిన ఫోన్‌నే అది చూస్తుంది. అవ్వ ఫోన్, నాన్న ఫోన్, మేనమామ వచ్చినప్పుడు ఆయన ఫోన్, హాల్లో టీవీ, వీటిలో దేని సంగతీ దానికి తెలీదు. ఇంకో మాట కూడా గుర్తు పెట్టుకోండి. పిల్లవాడి అకౌంట్ రెండు పరికరాల్లో ఉంటే గడువు దేనికది. రోజుకు గంటంబావు అని పెడితే ఫోన్‌లో గంటంబావు, ట్యాబ్‌లో ఇంకో గంటంబావు. బడివాళ్లు ట్యాబ్ ఇచ్చిన ఇళ్లు దీన్ని గమనించుకోవాలి. ఇంకా, మనం ఏదైనా మార్చితే పిల్లల ఫోన్‌కు నెట్ ఉన్నప్పుడే అది అందుతుంది.

అత్తతో గొడవ పడలేదు. ఆమె చెప్పిందాంట్లోనే జవాబు ఉంది. బిడ్డ మొహం అట్లా పెట్టుకుని కూర్చుంటే ఇంట్లో ఒకరికి చేతిలో ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది. ఫోన్ కాకపోతే ఏం పెట్టాలి?

అక్కడ నేను ఒక తప్పు చేశాను. మాకు దగ్గర్లో ఒక సమ్మర్ క్యాంప్ పెడితే ఇద్దరినీ చేర్చాను, డ్రాయింగ్, చెస్, యోగా అని రాసి ఉంటే. పేరు చెప్పను. ఇద్దరికీ కలిపి ఐదువేలు. నాలుగో రోజు మా చిన్నది ఇంటికొచ్చి ఒక కార్టూన్ కథ మొత్తం వరసగా చెప్పింది. ఇంట్లో ఆ కార్టూన్ నేను పెట్టనే లేదు. వెళ్లి చూస్తే మూడు గంటల క్యాంప్‌లో సగం సేపు పెద్ద టీవీ ముందు వరసగా కూర్చోబెట్టి ఉన్నారు. పిల్లల్ని ఎక్కడైనా చేర్చేముందు లోపలికి వెళ్లి ఒక గంట కూర్చుని చూడండి. నేను చూడలేదు, ఆ డబ్బు తిరిగి రాలేదు.

మా ఇంటికి అసలైన మందు అత్త దగ్గరే దొరికింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆమె నా సుద్దముక్క, అదే జాకెట్ గుడ్డ మీద గీతలు గీసేది, తీసుకుని హాల్లో నల్లబండ మీద పులిజూదం గీసింది. మూడు గులకరాళ్లు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. మేకల్ని ఒక్కొక్కటిగా పెడుతూ పులుల్ని కదలకుండా కట్టేయాలి. పులి ఏమో మేక మీదుగా దూకి దాన్ని తినేయాలి. మావాడు పులి తీసుకున్నాడు, అందరు పిల్లలూ అదే తీసుకుంటారు. ఐదారు మేకల్ని తిన్నాక గెలిచేశానని చప్పట్లు కొట్టాడు. అవ్వ ఏమీ మాట్లాడకుండా ఇంకో గింజ పెట్టింది. ఇంకోటి. మూడు పులులూ మూలల్లో ఇరుక్కుపోయాయి. వాడు బోర్లా పడుకుని, గడ్డం నేలకు ఆనించి, ఏ సందునైనా దారి ఉందా అని ఆ గీతల్నే చాలాసేపు చూశాడు. ఫోన్‌ను చూసే చూపు కాదది. కనుబొమ్మలు ముడిపడి, పెదవి కొరుక్కుంటూ, మనిషి మొత్తం ఆ బండ మీద ఉన్నాడు. "అవ్వా, మళ్లా" అన్నాడు. ఆ రోజు ఏడు ఆటలు. మరుసటి రోజు మేకలు వాడివి.

ఆ గీతలు చెరిగిపోకుండా బండ మీద ఆ చుట్టుపక్కల తడిగుడ్డ పెట్టడం మానేశాను. సెలవులు అయిపోయినా అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

చిన్నదానికి ఆరేళ్లు. దానికి సొంత ఫోన్ లేదు, నా ఫోన్‌లోనే చూసేది. దానికి యూట్యూబ్ కిడ్స్ పెట్టాను. అందులో వయసు బట్టి వేరే వేరే విభాగాలు ఉన్నాయి. నాలుగేళ్ల లోపు, ఐదు నుంచి ఎనిమిది, తొమ్మిది నుంచి పన్నెండు. నేను ఇంకా గట్టిది ఎంచుకున్నాను, నేను చూసి సరే అన్న వీడియోలు మాత్రమే కనిపించేది. ఒకరోజు రాత్రి కూర్చుని పాటలు, కథలు, రంగుల బొమ్మలు వేసే వీడియోలు ఏరి పెట్టాను. టైమర్ కూడా అందులోనే ఉంది. ఆరేళ్ల వాళ్లకు ఇది చాలు, ఫ్యామిలీ లింక్ దాకా వెళ్లాల్సిన పని లేదు.

మే నెలలో గంగమ్మ జాతర వచ్చింది. తిరుపతి వాళ్లకు చెప్పేది లేదు, బయటివాళ్ల కోసం చెబుతున్నాను. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి గంధం. మావాడికి ఈసారి వేషం వేయిస్తామని అత్త మొక్కుకుంది. తెల్లసుద్ద నీళ్లలో కలిపి నేనే పూశాను. మెడ దగ్గర పూస్తుంటే చక్కిలిగింతలని వంకర్లు తిరిగాడు, వీపు మీద ఆరేకొద్దీ చర్మం బిగుసుకుంటోందని నవ్వాడు. చేతిలో వేపమండ. ఆ తెల్లటి వేళ్లతో ఫోన్ పట్టుకోలేడు, పట్టుకోవాలన్న ధ్యాసే లేదు. గుడి దగ్గర ఆ జనంలో, ఆ డప్పుల్లో ఉన్నంతసేపూ ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ వారం రాత్రుళ్లు దీపం ఆర్పాక పిల్లలిద్దరికీ గంగమ్మ కథ చెప్పాను. ఆడవాళ్లను ఏడిపించే పాలెగాడు, అమ్మకు భయపడి దాక్కోవడం, వాడిని బయటికి రప్పించడానికి అమ్మ రోజుకో వేషం వేసుకుని ఊళ్లో తిరగడం. రోజుకు ఒక్క వేషమే చెప్పేదాన్ని. "బొగ్గు పూసుకుంటే అమ్మను వాడు గుర్తు పట్టలేదా?" అని చిన్నది చీకట్లో అడిగేది. దొర వేషం రోజు, దొరగారు వచ్చారనుకుని వాడు బయటికి రావడం, అమ్మ వాడి తల తీయడం చెప్పేసరికి ఇద్దరూ నాకు చెరో పక్క అతుక్కుపోయి ఉన్నారు. ఎనిమిదిన్నరకు తాళం పడుతుంది అని పెట్టింది నేనే కానీ, ఎనిమిదిన్నర తర్వాత ఆ చీకటిని నింపే పని కూడా నాదేనని నాకు అప్పుడు తెలిసింది.

జాతర అయ్యేదాకా ఊరు విడిచి వెళ్లకూడదని మా అత్త పట్టింపు. అందుకని మా అమ్మగారింటికి ఆ తర్వాతే వెళ్లాం, పాకాల దగ్గర పల్లె. రైల్లో పాకాల జంక్షన్‌లో దిగి ఆటోలో పోవాలి. అక్కడ సిగ్నల్ సరిగా రాదు. పది రోజులు మామిడితోపులోనే. ఫోన్‌లో చూస్తే ఒకటి రెండు రోజులు పది నిమిషాలు కూడా వాడలేదు. దాని గురించి ఎక్కువ రాయను, పల్లె ఉన్నవాళ్లకు తెలుసు, లేనివాళ్లకు చెప్పి బాధపెట్టడం ఎందుకు.

ఊళ్లో ఉండేవాళ్లకు రెండు చోట్లు చెబుతాను. ఒకటి అలిపిరి దగ్గర ఉన్న ప్రాంతీయ సైన్స్ సెంటర్. కేంద్ర ప్రభుత్వ సంస్థ, సైన్స్ మ్యూజియంల జాతీయ మండలి కింద నడుస్తుంది. తిప్పి చూడు, నొక్కి చూడు అని పిల్లల చేతికే పని చెప్పే నమూనాలు ఉంటాయి. మావాడు ఒక్కో దాని దగ్గర పావుగంట నిలబడ్డాడు. రెండోది ఎస్వీ జూ పార్క్. 1987లో మొదలైంది, ఐదు వేల ఎకరాలు దాటిన విస్తీర్ణం. శేషాచలం కొండల పక్కనే. పొద్దున తెరిచిన వెంటనే వెళ్లండి, ఎండ ఎక్కితే జంతువులూ నీడకు పోతాయి, పిల్లలూ సోలిపోతారు. నీళ్ల సీసాలు మరవొద్దు.

ఇవన్నీ అయ్యాక ఒక రాత్రి మావాడు అడిగిన మాట ఇంకా చెప్పలేదు. నేను కస్టమర్‌కు మగ్గం డిజైన్ ఫోటోలు పంపుతున్నాను. పంపడం అయిపోయింది, కానీ వేలు ఇంకా పైకి తోస్తూనే ఉంది, ఎవరివో వీడియోలు. వాడు వచ్చి పక్కన కూర్చుని "నీకు లిమిట్ లేదా మా?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నా ఫోన్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అనే సెట్టింగ్ తెరిచి ఇద్దరం చూశాం. ఆ రోజు నాది నాలుగు గంటల ఇరవై నిమిషాలు. అందులో పని ఎంత అని వాడు అడగలేదు, నేనూ చెప్పలేదు. మరుసటి రోజు నుంచి సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా నా ఫోన్ మిషను సొరుగులో ఉంటోంది. కస్టమర్లందరికీ ఆ వేళ ఫోన్ ఎత్తనని మెసేజ్ పెట్టాను. ఒక్కరు కూడా జాకెట్లు వెనక్కి తీసుకోలేదు.

యాప్‌కు మార్కులు అడిగితే ఐదుకు నాలుగిస్తాను. ఉచితం, పెట్టుకోవడం మరీ కష్టం కాదు, గడువు మాట తప్పకుండా పాటిస్తుంది, పిల్లవాడి మెసేజ్‌ల్లో తలదూర్చదు. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, రోజు గడువును పొద్దున ఇంత, సాయంత్రం ఇంత అని నేరుగా పంచి ఇవ్వలేం, స్కూల్ టైమ్‌తో చుట్టూ తిరిగి చేసుకోవాలి. ఇంకా, పరికరానికో లెక్క అన్నది నాకు నచ్చలేదు, బిడ్డకు ఒక్కటే లెక్క ఉండాలి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు, సొంతంగా ఒక ఆండ్రాయిడ్ ఫోన్ వాడేవాళ్లు, అట్లాంటి ఇళ్లకు తప్పకుండా పెట్టుకోమంటాను. ఇంట్లో నలుగురి ఫోన్లూ పిల్లల చేతికి అందే చోట తిరుగుతుంటే మాత్రం ముందు ఆ నలుగురితో మాట్లాడుకోండి, యాప్ తర్వాత.

జూన్ 11 సాయంత్రం బడి సంచి సర్దుతూ గడువు మార్చుదామని వాడే గుర్తు చేశాడు. బడి రోజుల్లో నలభై ఐదు నిమిషాలు, ఆదివారం గంటన్నర. ఆదివారం గంటన్నర వాడు అడిగిందే, బదులుగా శనివారం అసలు ముట్టనన్నాడు. నా కొలతల పుస్తకం చివరి పేజీలో రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. సాక్షి సంతకం అవ్వ పెట్టింది.